భివండి నుంచి శాయంపేటకు కారుల: తాత ఊరు, పాలోళ్ల (అన్నదమ్ముల వరుసోళ్ల) ఇల్లు ఎట్ల పట్టుకోవాలె?

భివండి_మగ్గం
అందరికీ నమస్తే. మేం భివండిల ఉంటం. తాత పవర్‌లూమ్ కార్ఖానల చేసిండు, బాపు కూడా అదే. నేను మొబైల్ రిపేరు దుకాణం పెట్టుకున్న. దీపావళి సెలవులకు బాపును, ఇంటామెను, పిల్లలను తీసుకొని కారుల వరంగల్ దిక్కు రావాలని ఉన్నది. బాపుకు డెబ్బై దాటినయి. చిన్న పిల్లగానిగ ఊరు ఇడిసిండు, మల్ల పోలే. తాతకు ఒక అన్న, ఒక చెల్లె ఉండేదట. ఉత్తరాలు కొన్నేండ్లు నడిచినయి, తాత పోయినంక అవి కూడ బందయినయి.

మా దగ్గరున్న ఆధారాలు: ఊరు శాయంపేట, జిల్లా వరంగల్. ఇంటి ముందు బాట పొడుగునా పడుగులు (మగ్గం నూలు పోగులు) సాపేటోళ్లని బాపు అంటడు. రాత్రంత ఎడ్లబండి మీద వచ్చి పొద్దుగాల ఉప్పల్‌ల రైలెక్కినమని అంటడు. తాత పెట్టెల ఒక ఉర్దూ కాయితం ఉన్నది, మాకు సదువరాదు. మ్యాపుల శాయంపేట అని కొడితే ఒకటి కాదు, నాలుగు దిక్కులు చూపెడుతున్నది. ఏది మాది? రోడ్డు ఏది మంచిది? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

ఓరుగల్లు_కోడలు
అన్నా, మంచి పని పెట్టుకున్నరు. నాకు తెలిసిన శాయంపేటలే మూడు. హనుమకొండల హంటర్ రోడ్డు దిక్కు ఒకటి, అదిప్పుడు పూరా టౌన్ల కలిసిపోయింది. గీసుగొండ మండలంల ఒకటి, మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది ఆడనే. పరకాల దగ్గర మూడోది, అది మండల కేంద్రం. బట్టల పని అన్నరు కాబట్టి టెక్స్‌టైల్ పార్కు పేరు చూసి గీసుగొండ పోయేరు, జర ఆగుండ్రి. ఆ పార్కుకు పునాది పడ్డది 2017ల. మీ తాత ముచ్చటకు దానికి సంబంధం లేదు.

ఇంకోటి, మీ కాయితంల వరంగల్ జిల్లా అని ఉన్నా ఇప్పుడు బోర్డుల మీద అట్ల ఉండది. 2016ల జిల్లాలు ఇడగొట్టిండ్రు, 2021ల మల్ల పేర్లు, మండలాలు మార్చిండ్రు. పరకాల దిక్కు శాయంపేట ఇప్పుడు హనుమకొండ జిల్లా.

బెజవాడ_అల్లుడు
నేను కృష్ణా జిల్లావాణ్ణి, అత్తగారిది కాజీపేట. ఉప్పల్‌లో రైలెక్కారంటే హైదరాబాద్ వచ్చి ఎక్కారేమో కదా? శాయంపేట నుంచి హైదరాబాద్ ఉప్పల్‌కి రాత్రంతా ఎడ్లబండి మీద వెళ్లడం అయ్యే పని కాదే!

పరకాల_బస్టాండ్
బావగారూ, హైదరాబాద్ ఉప్పల్ కాదది. మెట్రో రాకముందు ఆ ఉప్పల్‌ల దూరం పోయే రైలెక్కినోడు ఎవడన్న ఉన్నడా? కాజీపేట నుంచి జమ్మికుంట దిక్కు పోయే లైన్ మీద ఉప్పల్ అని ఒక స్టేషన్ ఉన్నది, కమలాపూర్ మండలంల. మా పరకాల దిక్కోళ్లకు పాతకాలంల రైలంటే అదే. బండి కట్టుకొని ఉప్పల్ పోవుడు, ప్యాసింజర్ల కాజీపేట, ఆడ మారుడు.

భివండి తమ్మీ, ఇగ నీకు తేలిపోయింది. గీసుగొండ శాయంపేటోళ్లు రైలు కోసం వరంగల్ దిక్కే పోతరు, ఉప్పల్ దాక రారు. రాత్రంత బండి నడిచి ఉప్పల్ పోయిండ్రంటే మా పరకాల పక్క శాయంపేటనే. బాపును ఇంకో మాట అడుగు: స్టేషన్ కాడికి పోయేముందు కమలాపూర్‌ల ఆగిండ్రా?

భివండి_మగ్గం
అన్నా, నీకు దండం. బాపును అడిగిన. "కమలాపూర్‌ల ఎడ్లకు నీళ్లు తాపిండ్రు" అన్నడు. ఇన్నేండ్లు నేను హైదరాబాద్ ఉప్పలే అనుకుంటున్న.

కాయితాల_కాక
ఆ ఉర్దూ కాయితం ఫోటో పెట్టు బిడ్డా. మా నాయిన దగ్గర నేర్చిన, కొంత సదువస్తది. పేర్లున్న కాడ చెయ్యి అడ్డం పెట్టి తియ్యి.

నిర్వాహకులు
కాక చెప్పింది అందరికీ. ఇంటిపేర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు ఇక్కడ పెట్టకండి. అవసరమైతే ఒకరికొకరు విడిగా మెసేజ్ పెట్టుకోండి.

కాయితాల_కాక
చూసిన. అందరు మొదలు అనుకునేది పట్టా అని. పట్టా కాదిది, శిస్తు కట్టిన పావతి (రసీదు). పైన మౌజా శాయంపేట అని ఉన్నది. తాలూకా రాసిన కాడ పురుగు తిన్నది. సన్ 1361 ఫసలీ (నిజాం కాలం శిస్తు లెక్కల ఏడు). ఫసలీకి 590 కలుపుకోవాలె, అంటే 1951. అప్పటికి పోలీసు యాక్షన్ అయి మూడేండ్లు, అయినా ఊర్లల్ల లెక్కలన్నీ ఉర్దూల, ఫసలీ సాల్‌లనే నడుస్తుండె. పైసలు కూడ హాలీ సిక్కలే, అంటే నిజాం నాటి రూపాయలు. కింద ఏలిముద్ర కాదు, తెలుగుల సంతకం ఉన్నది చూసినవా? మీ తాతకు సదువొచ్చు.

ఇంకా వివరం కావాలనుకుంటే 1954-55 ఖాస్రా పహాణీ అడగాలె. తెలంగాణల పాత భూమి లెక్కలకు అది పునాది లాంటిది, ఏ ఊర్లె ఏ నంబరు ఎవరి పేరు మీద, ఎవరి కబ్జల ఉండెనో అండ్ల ఉంటది. అంతకన్న పాతది సేత్వార్, అంటే మొదటి సర్వే లెక్క. నకలు కోసం తహసీల్ ఆఫీసుల దరఖాస్తు పెట్టుకోవాలె. ఒకటి చెప్త: సెలవుల్ల వచ్చి రెండు గంటల్ల తీసుకపోతా అంటే అయ్యేది కాదు. ఒక మండలంల నేను నకలు కోసం తిరిగితే, రికార్డు రూమ్ తాళం ఎవరి దగ్గరున్నదో తెల్వడానికే నా చెప్పులరిగినయి.

సిరిసిల్ల_సెల్లె
కాక కాయితాల సంగతి చెప్పిండు, బాగున్నది. నేను మనుషుల సంగతి చెప్త. మా ఇంట్ల సగం మంది భివండి, సగం మంది సూరత్, షోలాపూర్. మగ్గం పోయిన కాడికి మనిషి పోయిండు. మావోళ్లను మల్ల కలుపుకున్నది ఎట్లనంటే ఆడబిడ్డలతోటి. మొగోళ్లు ఇల్లు అమ్ముతరు, ఊరిడుస్తరు. ఆ ఇంటి ఆడపిల్లను ఇచ్చింది పక్క ఊర్లెకే ఉంటది, ఆమె యాడికి పోదు. ఏ పెండ్లికి ఎవరొచ్చిండ్రు, ఎవరు రాలే, ఎవల బిడ్డను ఎవలకిచ్చిండ్రు, అన్నీ ఆమె నోటి మీద ఉంటయి. మీ తాత అన్న ఇల్లు కాదు, మీ తాత చెల్లెను ఏ ఊరికిచ్చిండ్రో కనుక్కోండ్రి. ఆమె పోయినా ఆమె బిడ్డలు, కోడండ్లు ఉంటరు.

ఇంకో మాట. మీ ఇంట్ల దీపావళికి కేదారి నోము (కేదారేశ్వర వ్రతం) ఉన్నదా?

భివండి_మగ్గం
ఉన్నది అక్కా. తాతనే భివండిల ఎత్తుకున్నడు. అరిసెలు, దారాలు, అన్నీ చేస్తం. ఎందుకు?

సిరిసిల్ల_సెల్లె
నోము ఊరికెనే పుట్టది. మా దిక్కు అన్న ఇంట్ల ఉంటెనే తమ్ముని ఇంటికి వస్తది. మీ నోము శాయంపేట ఇంట్లదే అయి ఉంటది. ఊర్లె "ఫలానా ఇంటిపేరు, కేదారి నోమున్నోళ్లు" అని అడుగుండ్రి. ఒకే ఇంటిపేరోళ్లు పది ఇండ్లున్నా, నోమున్న ఇండ్లు అన్ని ఉండవు. అండ్ల మీ పాలోళ్లు తొందరగ దొరుకుతరు. దీపావళికి పోతున్నరు కాబట్టి ఆ పొద్దుకు అందరు ఇంటి పట్టునే ఉంటరు కూడ.

పటం_చూసినోడు
పద్మశాలీలు అయితే ఇంకో దారి ఉన్నది, ఎవరు చెప్పలే. కూనపులోళ్లు. చేర్యాల నకాషీలు రాసిన పొడుగు పటం గోడకు కట్టి, భావనా ఋషి కథ, మార్కండేయ పురాణం చెప్పుకుంట ఊరూరు తిరిగేటోళ్లు. మా దిక్కు ఒక్కో కులానికి అట్ల అడుక్కునే హక్కున్నోళ్లు ఉంటరు. మాదిగలకు డక్కలోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు, గొల్లలకు మందెచ్చులోళ్లు. కథ చెప్పేముందు ఇంటింటి గోత్రం, పెద్దల పేర్లు అందుకుంటరు. మా తాత తండ్రి పేరు మా ఇంట్ల ఎవరికి తెల్వకుండె, కూనపులాయన నోట్లెకెళ్లి వచ్చింది. ఇప్పుడు తిరిగేటోళ్లు తక్కువైండ్రు. జనగామ, చేర్యాల దిక్కు అడిగితే తెలుస్తది.

తెల్లారి_చాయ్
ఇంత ముచ్చట నడుస్తున్నది, తిండి గురించి ఒక్కడు మాట్లాడడే? తమ్మీ, ఎవలింటికి పోయినా పొద్దుగాల సర్వపిండి పెట్టమని అడుగు. గిన్నెకు అంటిన మాడు చెక్కను పిల్లలకు వదలకు, నువ్వే గోకి తిను.

బెజవాడ_అల్లుడు
రోడ్డు సంగతి నేను చెప్తాను, ముంబై నుంచి ఆ దారిలో వచ్చాను. పుణె, షోలాపూర్, హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి. ముత్తంగి దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి ఘట్‌కేసర్‌లో దిగితే హైదరాబాద్ ట్రాఫిక్ అసలు తగలదు. అక్కణ్ణుంచి భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా హనుమకొండ. మొత్తం 800 కిలోమీటర్లు దాటుతుంది. పెద్దాయన ఉన్నారు కాబట్టి ఒక్కరోజులో కొట్టకండి, షోలాపూర్‌లో పడుకోండి.

పరకాల_బస్టాండ్
భివండోళ్లకు పుణె ఎందుకు బావా? సమృద్ధి మహామార్గ్ (ముంబై–నాగపూర్ ఎక్స్‌ప్రెస్‌వే) చివరి ముక్క 2025 జూన్‌ల తెరిచిండ్రు, అది మొదలయ్యేదే భివండి పక్కన ఆమణే కాడ. ఎక్కి జాల్నాల దిగు. పర్భణి, నాందేడ్, బోధన్, నిజామాబాద్. ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, కరీంనగర్, హుజూరాబాద్. హుజూరాబాద్ కాడ వరంగల్ రోడ్డు ఇడిసి పరకాల రోడ్డు పట్టు, ఉప్పల్ స్టేషన్ నీ దారిలనే తగుల్తది. బాపుకు చూపెట్టు.

జాల్నా దాటినంక రోడ్డు అంత బాగుండది, ఆ మాట నిజమే. ఎక్కేముందు టైర్లల్ల గాలి చూసుకో. సమృద్ధి మీద నున్నగ పోతుంటే కునుకు వస్తది, పెట్రోలు బంకులు కూడ దగ్గర దగ్గర ఉండయి.

బెజవాడ_అల్లుడు
పెద్దాయనతో అన్ని ఊళ్లు దాటుకుంటూ? నేనైతే నాలుగు వరుసల రోడ్డే అంటాను. ఆ కరీంనగర్–వరంగల్ రోడ్డు పనులు నేను వచ్చినప్పుడు జరుగుతూనే ఉన్నాయి, దుమ్ము తిన్నాం.

పరకాల_బస్టాండ్
హుజూరాబాద్‌ల మళ్లుమన్న కద, వరంగల్ దాక ఎవడు పొమ్మన్నడు? పోంగ ఇట్ల, రాంగ అట్ల. ఇగ కొట్లాట అద్దు.

కాయితాల_కాక
ఒక మాట చెప్పాలె, కోపం చేసుకోవద్దు. నువ్వు పోయేది చుట్టరికానికి. వాళ్లు అనుకునేది భూమికి వచ్చిండ్రని. కారుల దిగుతవు, చేతిల పాత కాయితం. ఎవరికైన గుండె జల్లుమంటది. శాయంపేటల అడుగు పెట్టకముందే ఎవరితోనైన కబురు పంపు: "మేం భూమిల పాలు కోసం వస్తలేం" అని. పావతి ఇంట్లనే పెట్టిరా.

సిరిసిల్ల_సెల్లె
కాకా, పావతి తీసుకపోవద్దనుడు నాకు నచ్చలే. హక్కు హక్కే. తీసుకునుడు, తీసుకోకపోవుడు తర్వాతి ముచ్చట. దాసుకొని పోతే రేపు తెల్సినప్పుడు ఇంకా అనుమానం పడరా?

కాయితాల_కాక
బిడ్డా, నేను ముప్పై ఏండ్లు ఇసొంటి తగాదాలే చూసిన. మొదటి పూట కాయితం, రెండో పూట కచ్చీరు. నీ ఇష్టం.

భివండి_మగ్గం
నిజామాబాద్ కాడ ఆగి రాస్తున్న. సమృద్ధి దారిలనే వచ్చినం. పిల్లలు జాల్నా దాక కిటికీలకెళ్లి చూసిండ్రు, తర్వాత ఫోన్లు పట్టుకున్నరు. బోధన్‌ల తెలుగు బోర్డులు మొదలుకాంగనే బాపు ఒక్కోటి గట్టిగ సదువుడు పెట్టిండు. కిరాణం, ఎరువుల దుకాణం, ఏదీ ఇడిసిపెడతలేడు. కాయితం తెచ్చిన, డిక్కిల ఉన్నది.

ఓరుగల్లు_కోడలు
పండుగ దినం కదా, జాగ్రత్తగ పోండ్రి అన్నా. హనుమకొండల రూములు దొరకకపోతే నాకు మెసేజ్ పెట్టుండ్రి.

భివండి_మగ్గం
వాపసు వచ్చినం, అందరికి చెప్పాలె.

ఉప్పల్ స్టేషన్ కాడ ఆపినం. బాపు ప్లాట్‌ఫారం మీద అటిటు నడిచి "ఇది ఇంత చిన్నగ ఉండెనా" అన్నడు. ఫోటో దిగమంటే దిగలే, టీ తాగుదాం అన్నడు.

శాయంపేటల ముందుగాల ఎవలింటికి పోలే. సెల్లె చెప్పినట్టు అడిగినం. హోటల్ల కూసున్న ఒకాయన ఇంటిపేరు ఇని "నోమున్నోళ్లా, లేనోళ్లా?" అని ఆయనే అడిగిండు. నాకు ఒళ్లు పులకరించింది. తాత చెల్లెను ఇచ్చిన ఊరు ఆయనకు తెల్సు. రేగొండ దిక్కు. ఆమె లేదు, ఆమె పెద్ద బిడ్డ ఉన్నది. బాపుకు మేనత్త బిడ్డ, వదినె వరుస. ఎనభైకి దగ్గరుంటది. బిడ్డను కూడ ఆ ఊర్లెకే ఇచ్చుకున్నరట.

ఆ ముసలమ్మ మమ్ముల చూసి ఏడుస్తదని అనుకున్న. ఏడ్వలే, కొట్లాటకు దిగింది. గడప మీద కూసొని బత్తీలు చేస్తున్నది, చెయ్యి ఆపకుంట అడిగింది: "మీ నాయిన ఎప్పుడు పోయిండు?" బాపు చెప్పిండు. "మాకెందుకు కబురు పెట్టలే? సావు ముట్టుడు (మైల) ఉన్నదని తెల్వకుంట ఆ ఏడు మీ పాలోళ్లు నోము నోముకున్నరు. నోము చెడ్డదా లేదా? ఆ ఏడే వాళ్ల ఎద్దు సచ్చింది." బాపు మాట్లాడలే. అప్పట్ల ఉత్తరం రాసినమని, అందలేదేమోనని మెల్లగ అన్నడు. "అందకపోతే ఇంకోటి రాయాలె" అన్నది. అని బత్తీల పళ్లెం పక్కకు పెట్టి మా చిన్నదాని గదవ పట్టుకొని చూసి, లోపలికి పిలిచింది. అన్నం, పచ్చిపులుసు, ఎల్లిగడ్డ కారం. తింటున్నంత సేపు కూడ ఆ ఎద్దు ముచ్చట ఇడ్వలే.

ఆమెనే మమ్ముల తోలుకొని శాయంపేటకు వచ్చింది, కారుల ముందు సీట్ల కూసొని. తాత అన్న మనుమలు ఇద్దరు ఉన్నరు. పెద్దాయన మర్యాదగ మాట్లాడిండు, కని చాయ్ పెట్టిచ్చి ఫోన్ చూస్తుండె. కాక చెప్పిందే నిజం. అప్పుడు వదినె అందరి ముందట అన్నది: "వీళ్లు పాలుకు రాలే, ముట్టుడు చెప్పపోవుడు తప్పని చెప్పుకోవడానికి వచ్చిండ్రు." ఆ మాటకు ఇంట్ల గాలి మారింది. పావతి నేను తియ్యలే. సాయంత్రం బాపే డిక్కిలకెళ్లి తెచ్చి వాళ్ల చేతుల పెట్టిండు, "మీ తాత, మా నాయిన కలిసి కట్టిన శిస్తు, మీ దగ్గర ఉండాలె" అని. పెద్దాయన చాలసేపు చూసిండు. ఉర్దూ ఆయనకు కూడ రాదు.

నోము వాళ్లింట్లనే అయింది. పడుగులు సాపే బాట సీసీ రోడ్డయింది. రెండు మగ్గాలున్న ఇల్లు ఒకటి చూసినం. ఒకదాని మీద ఎవరు కూసుంటలేరు.

పిల్లలకు ఇదంత ముసలోళ్ల ముచ్చట. వాళ్లను రామప్పకు, లక్నవరానికి తీసుకపోయినం. రామప్ప 1213ల కట్టిందని, ఇటుకలు నీళ్లల్ల తేలుతయని గైడ్ చెప్తే పెద్దోడు యూట్యూబ్‌ల చూసి రుజువు చేసుకున్నడు. లక్నవరం ఊగే వంతెన మీద చిన్నది ఏడ్చింది. రాంగ బెజవాడ బావ చెప్పిన దారిలనే పోయినం, అలుపు తక్కువ.

బెజవాడ_అల్లుడు
హమ్మయ్య, ఒక్కసారైనా నా మాట చెల్లింది.

కాయితాల_కాక
మీ బాపు చేసింది నేను చెప్పినదానికన్న మంచిది. పావతి వాళ్ల చేతుల పెట్టినంక అనుమానానికి జాగ ఏది? అయినా ఒక నకలు నీ దగ్గర ఉంచుకో బిడ్డా. భూమికి కాదు, మీ తాత సంతకం ఉన్నదని.

సిరిసిల్ల_సెల్లె
సంతకం కోసమా, హక్కు కోసమా, మొత్తానికి నకలు తీయమన్నడు కాక. నేను చెప్పిందీ అదే.

పటం_చూసినోడు
కూనపులోళ్లు తగిలిండ్రా?

భివండి_మగ్గం
తగల్లే అన్నా. చిన్నప్పుడు వచ్చేటోళ్లని వదినె అన్నది, ఇప్పుడు ఏండ్లయితున్నదట. తాత తండ్రి పేరు మాత్రం ఆమెకు యాదికున్నది. అంతకంటే ఎనక ఎవరికి తెల్వదు. నకలు ఫోన్ల ఉన్నది కాకా, మీకు పంపినప్పుడు తీసిందే.

నల్లబెల్లి_సూరత్
ఇదంత ఒక్క కూసవడిల సదివిన. మాది కూడ ఇసొంటి కథనే, సూరత్‌ల ఉంటం, నర్సంపేట దిక్కు అమ్మమ్మోళ్ల ఊరు. మాకు నోము లేదు, చేసేది సమ్మక్క మొక్కు ఒక్కటే. ఎత్తు బంగారం (మనిషి ఎత్తు బెల్లం) తూకం ఏసి మేడారం పంపుతం. దాంతోటి పాలోళ్లు దొరుకుతరా?

సిరిసిల్ల_సెల్లె
సమ్మక్కకు మొక్కనోళ్లు ఎవరున్నరమ్మా మన దిక్కు? దాంతోటి దొరకరు. అమ్మమ్మోళ్లది అంటున్నవు, అంటే అమ్మమ్మ అక్కచెల్లెండ్లను పట్టుకో. వాళ్లను ఏయే ఊర్లకిచ్చిండ్రో నీకు తెల్సినకాడికి చెప్పు, కొత్త చర్చ మొదలుపెట్టు. పరకాల_బస్టాండ్ అన్నకు నర్సంపేట దిక్కు కూడ తెల్సు.

పరకాల_బస్టాండ్
నర్సంపేట నాకంత తెల్వదు, మా బామ్మర్దిది ఆడనే. పిలుస్త ఆగు.